ఊరంతా కంఠతా పట్టిన ఉపన్యాసం

(‘బొగ్గుబండి మీద అక్క’ నవల: పదకొండవ భాగం)

పోయిన వారం మా అక్క కెజియాని మార్కెట్ మైదానంలో బొగ్గుబండి ఎక్కించి, నోరు తెరిపించి, అక్కడే వదిలేశాను. వారం రోజులుగా పాపం వానలో నోరు తెరుచుకునే నిలబడి ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే గొంతులో నాచు పడుతుంది.

ఇవాళే కథలోకి వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు. మాది రేవెన్‌షా. లాంకషైర్‌లో నూలుబట్ట నేసే ఊరు. ఇక్కడ పొగగొట్టాలు పోగా మిగిలిన చోటుని ఆకాశం అంటారు. నా పేరు డోర్కస్. మా మిల్లులో అందరికంటే చిన్నదాన్నని అమ్మ అంటుంది, అందరికంటే చెడ్డదాన్నని మిగతా ఊరు అంటుంది. ఊళ్ళో ఉపఎన్నిక వచ్చింది. ఓటు మగాళ్ళకే. ఆడవాళ్ళకీ కావాలని చెప్పడానికి మా అక్క పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురిలో నోరు విప్పుతోంది. ఉపన్యాసం రాసిచ్చింది లండన్ నుంచి వచ్చిన మిస్ థొరోల్డ్. అందులో చివరి ముక్క మా ఏమోస్ గురించి.

ఏమోస్ అంటే నేను పుట్టకముందే పోయిన మా అన్న. ఎనిమిది నెలలకే పోయాడు కాబట్టి నాకంటే చిన్నవాడైన అన్న. ఆ పేరు మా ఇంట్లో పలకకూడదు. ఎవరూ రాసి గోడకి తగిలించలేదు గానీ, అమ్మ ముఖం చూస్తే చాలు. ఆ పేరుని ఇవాళ ఊరి నడిబొడ్డున, వానలో, బొగ్గుబండి మీదనుంచి పలకబోతున్నాం. అమ్మకి తెలియదు. మా ప్రార్థన మందిరం చాపెల్‌లో టీ విందు ఉందని, రొట్టెలకి వెన్న రాసే పనికి పంపించేశాం. తెలిస్తే ఏమవుతుందోనని పొద్దున్నుంచీ నాకు వెనిగర్ పోసిన నల్ల బఠాణీలు కూడా దిగలేదు. నా తిండి సంగతి ఎరిగినవాళ్ళకి ఆ భయం కొలత ఇంతకంటే చెప్పక్కర్లేదు.

సరే. బండి దగ్గరికి పోదాం.

జనం ఎంతమందంటే, మార్కెట్ గడియారం ముల్లు కదలడానికి చోటు చాలక ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నం, మిల్లు వదిలేశారు. ముందు వరసలో శాలువాలు కప్పుకున్న నేతగత్తెలు. వాళ్ళ మధ్యలోకి చొరబడి, బండికి ఆనుకుని, ఒక పదిమంది మగాళ్ళు. వాళ్ళకి నాయకుడు మా మగ్గాల మేస్త్రీ ఇనాక్ గ్రిమ్‌షా, చేతిలో బడిగంట అంత గంట పట్టుకుని.

ఇనాక్ గురించి ఒక్క మాట. ఆయన మా పక్కింటాయన కూడా. వాళ్ళింట్లో గడియారం ఆగిపోతే, అలసిపోయి పడుకుందని వారం రోజులు ఇంటిల్లిపాదినీ మునివేళ్ళ మీద నడిపించాడట. ఇది అబద్ధం కావచ్చు. నేనే పుట్టించాను కాబట్టి గట్టిగా చెప్పలేను. జ్ఞాపకశక్తి మాత్రం అబద్ధం కాదు. ఆదివారం బడిలో కీర్తనలన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పి చిన్నప్పుడు గెలుచుకున్న పుస్తకం ఇప్పటికీ ఇంటి ముందుగది కిటికీలో, దారిన పోయేవాళ్ళకి కనపడేలా పెట్టుకుంటాడు.

అక్క మొదలుపెట్టింది. “అన్నల్లారా, అక్కచెల్లెళ్ళారా! ఆడదాని చోటు ఇల్లేనని మన పెద్దమనుషులు అంటున్నారు. మరి పొద్దున్నే ఐదున్నరకి మమ్మల్ని మిల్లులోకి పిలిచే కూత—”

“ఆ సంగతి ఇంకా విన్నట్టు లేదు!” అని ముందు వరసలోంచి లేబన్ టాటర్సాల్ పూర్తిచేశాడు.

జనం గొల్లుమన్నారు. అక్కని చూసి కాదు, లేబన్‌ని చూసి. లేబన్ టోపీ తీసి వంగి దండం పెట్టాడు. “వినుంటే మా ఆవిడ ఇంట్లోనే ఉండేది, నా కూర మాడేది కాదు!” అని తోక కూడా తగిలించాడు.

ఆ నవ్వు మాకు రావలసింది. మిస్ థొరోల్డ్ నేర్పిన మొదటి పాఠం అదే. “ముందు నవ్వించండి. నవ్వుతున్న నోరు అరవలేదు. తర్వాత అవునని తప్ప జవాబు లేని ప్రశ్నలు అడగండి. మూడుసార్లు అవునన్నవాడు నాలుగోసారి కాదనడానికి మొహమాటపడతాడు. చివర్లో ఒక్క మనిషి గురించి చెప్పండి. లక్షమంది కష్టం చెబితే లెక్కలా వింటారు, ఒక్కరి కష్టం చెబితే ఇంటికెళ్ళాక కూడా నిద్రపట్టదు.” ఆమె ఇలా ఎన్ని ఊళ్ళలో చెప్పిందో, ఎన్ని కోడిగుడ్లు తిన్నదో! నోటితో కాదు, టోపీతో.

అక్క రెండో ముక్క ఎత్తుకుంది. “మీలో తల్లి లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? తల్లి మాట—”

“—పదేళ్ళు వచ్చేదాకా విన్నవాడు, ఇరవై ఒకటి నిండి ఓటు రాగానే ఎందుకు వినడు?” ఇంకొకడు అందుకున్నాడు. “ఎందుకంటే అప్పటికి పెళ్ళామొస్తుంది, చెవి ఖాళీ ఉండదు!”

మళ్ళీ గొల్లు. గంట గణగణ. ఎవరో క్యాబేజీ కాడ విసిరితే బండి చక్రానికి తగిలి నా కాళ్ళ దగ్గర పడింది. నేను బండి పక్కనే, అక్క మర్చిపోతే అందించడానికి నిలబడ్డాను. అందించడానికి నా అవసరమేమీ కనపడలేదు. ఊరంతా అందిస్తోంది.

మిస్ థొరోల్డ్ బండి మీంచి నా వైపు వంగింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. “డోర్కస్, మన కాగితం ఎవరో దొంగిలించారు.”

“లేదు మిస్.” క్యాబేజీ కాడని కాలితో పక్కకి నెట్టాను. “మేమే చెప్పాం. అందరికీ. వారం రోజులుగా.”

మా షెడ్‌లో మగ్గాల మోత ఎలాంటిదంటే, అందులో పిడుగు పడితే పిడుగే చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంది. చెవులకి అక్కడ పనిలేదు. అందుకని పెదాలతో మాట్లాడుకుంటాం. గొంతు ఉండదు. పెదాలు సాగదీసి, ముఖమంతా మాటగా చేసి చెబుతాం. ఈ చివర పుట్టిన పుకారు ఆ చివరికి చేరేలోపు మగ్గంలో దారం మోసే నాడె ఇటునుంచి అటు కూడా వెళ్ళదు. సోమవారం నుంచీ అక్క తన మగ్గాల దగ్గర ఉపన్యాసం పెదాలతో వల్లిస్తుంటే, ఎదురు మగ్గాల దగ్గర నేను తప్పులు దిద్దాను. ఎవరి చెవినా పడకుండా భలే గుట్టుగా లాగించేస్తున్నామని మురిసిపోయాం. పెదాలు చదివే నాలుగు వందల మంది మధ్యలో నిలబడి.

అంత తెలివితక్కువ పని ఎలా చేశారని అడగచ్చు. షెడ్‌లో ఒక మర్యాద ఉంది. నీకు చెప్పని మాట నీ కంటబడినా పడనట్టే ఉండాలి. గోడకి ఇటొక కాపురం అటొక కాపురం ఉన్నవాళ్ళు పక్కింటి దెబ్బలాట వినపడనట్టు ఉండరూ, అలాగ. ఊహ తెలిసినప్పటినుంచీ అందరూ చూడనట్టే ఉంటే, నిజంగానే ఎవరూ చూడట్లేదని నమ్మేస్తాం. మరీ గుట్టు మాటైతే శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంటాం. ఉపన్యాసానికి శాలువా అడ్డం పెట్టుకోవాలని మాకు తోచలేదు. శాలువాలో నోరు దాచుకుని ఉపన్యాసం ఇచ్చేవాళ్ళని మీరెక్కడైనా చూశారా?

మర్యాద ఆడవాళ్ళది. మేస్త్రీలకి అది అంటలేదు. ఇనాక్ మొత్తం చదివి, కంఠతా పట్టి, తన మనుషులకి తలా ఒక ముక్క పంచి, ఒక్కో ముక్కకి ఒక్కో ఎదురు జవాబు నేర్పించుకుని తీసుకొచ్చాడు. మా ఊరి మగాళ్ళు బడి మానేశాక ఇంత శ్రద్ధగా చదివింది ఇదే.

బండి మీద అక్క ఆగిపోయింది. వాన జల్లు పెరిగింది. చేతిలో కాగితం మెత్తబడి వంగిపోయింది. జనం సద్దుమణుగుతున్నారు. అది మంచికి సద్దుమణగడం కాదు. ఇంటికి పోదామా అని పక్కవాళ్ళ ముఖాలు చూసుకునే రకం. ఒక్కసారి కాళ్ళు కదిలాయంటే మళ్ళీ ఆపలేం. అక్క పెదాలు వణకడం నాకు కనపడింది. నాకు కనపడిందంటే నాలుగు వందల మందికీ కనపడినట్టే.

అక్క కాగితాన్ని మడిచి, జేబులో పెట్టుకుంది.

“ఇనాక్ గారూ,” అంది. “తర్వాత ఏంటండీ?”

ఇనాక్ గంట గాల్లోనే ఆగింది. “ఏది తర్వాత?”

“నా ఉపన్యాసంలో తర్వాతి ముక్క. వానకి తడిసి అక్షరాలు పోయాయి. మీకైతే గుర్తుండే ఉంటుంది. మీ జ్ఞాపకం సంగతి ఊళ్ళో తెలియనిదెవరికి?”

“నాకు గుర్తుందనుకో, చెప్పాలనేముంది?”

“మీకు రాకపోతే పోనివ్వండి. వయసు మీదపడుతోంది కదా. చిన్నప్పుడంటే కీర్తనలూ అవీ—”

“ఎవరికి వయసు?” ఇనాక్ మెడ ఎర్రబడింది. ఆయన వెనకున్నవాడు కోటు పట్టి లాగుతూనే ఉన్నాడు. “వద్దు ఇనాక్, చెప్పకు, అది ఉచ్చు” అని. ఇనాక్ కోటు విదిలించుకున్నాడు. ఛాతీ పొంగించాడు. ఆదివారం బడి గొంతుతో అందుకున్నాడు. “‘పన్ను వసూలు చేసేటప్పుడు ఆడది మనిషే. జైల్లో పెట్టేటప్పుడు ఆడది మనిషే. ఓటు పెట్టె దగ్గరికి రాగానే మాత్రం ఆమె ఏమైపోతోంది? ఆవిరైపోతోందా?’” పూర్తిచేసి, ఎవరైనా పుస్తకం బహుమతిస్తారేమోనన్నట్టు చుట్టూ చూశాడు.

నేతగత్తెలు చప్పట్లు మొదలుపెట్టారు. చెక్క అడుగుల బూట్లతో రాళ్ళ మీద తొక్కుతూ మరీ.

“ఎంత బాగా చెప్పారండీ!” అంది అక్క. “నేను చెబితే ఇంత బాగుండేది కాదు. ఆవిరైపోతోందా అన్నప్పుడు ఆ గొంతు! తర్వాతది ఎవరిది?”

“నాది,” అన్నాడు లేబన్ అలవాటుగా. వెంటనే నాలిక్కరుచుకున్నాడు. “అంటే, నాది కాదు. నీ ముక్కే. నాది దానికి జవాబు. నువ్వు చెబితేనే కదా నేను జవాబు చెప్పేది!”

“నేను మర్చిపోయాను కదా. మీరే చెప్పేసి, మీరే జవాబు కూడా చెప్పండి. నాకు శ్రమ తప్పుతుంది.”

లేబన్ ఇటూ అటూ చూశాడు. వారం పాటు నేర్చుకున్న జవాబు కడుపులో మగ్గుతోంది. అది బయటికి రావాలంటే ముందు ముక్క చెప్పక తప్పదు. గొంతు సవరించుకున్నాడు. “‘పెళ్ళయిన ఆడదాన్ని మిల్లులోకి రానివ్వకూడదని లండన్‌లో మాట్లాడుకుంటున్నారట. అలా మాట్లాడేవాళ్ళలో ఒక్కడైనా మగ్గం ముందు నిలబడ్డాడా? మా పని ఉండాలో ఊడాలో తేల్చేవాళ్ళని ఎంచుకునేటప్పుడు మమ్మల్ని అడగరా?’ అని. దానికి నా జవాబు ఏంటంటే—”

“చెప్పు లేబన్.” రెండడుగుల దూరంలోంచి వాళ్ళావిడ సబీనా. సబీనా మా షెడ్‌లోనే, కిటికీ వైపు మగ్గాలు. భుజాలు చూస్తే నూలు బేళ్ళు మోసేవాళ్ళు దారిస్తారు. “నేనూ వింటాను. నేను పని మానేసి ఇంట్లో కూచుంటే నీ శనివారం బీరు ఏ కొండ మీంచి కారుతుందో అది కూడా కలిపి చెప్పు.”

లేబన్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. “జవాబు మర్చిపోయాను” అన్నాడు.

ఆ నవ్వుకి టౌన్‌హాల్ మీది పావురాలన్నీ లేచి పక్క ఊరికి కాపురం మార్చాయి. మిస్ థొరోల్డ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ళు మాత్రం జనం మీదే ఉన్నాయి, పొయ్యి మీది పాలని చూసినట్టు. ఆ తర్వాత ఆగలేదు. ఒకడు చెబితే ఇంకొకడు, “ఏయ్, అది నా ముక్క!” అని పోట్లాట. ఆడవాళ్ళకి ఓటెందుకివ్వాలో ఆ మధ్యాహ్నం రేవెన్‌షాలో, ఇవ్వకూడదని కంకణం కట్టుకుని వచ్చిన పదిమంది, వరస తప్పకుండా, గొంతు చించుకుని చెప్పారు. అక్క మధ్యమధ్యలో “అవునా?” అని జనాన్ని అడిగింది. జనం “అవును!” అన్నారు. ఒకసారి, రెండోసారి, మూడోసారి.

నేను మాత్రం నవ్వలేకపోయాను. నవ్వు నా వృత్తి. అయినా రాలేదు. ఎందుకంటే ముక్కలు అయిపోతున్నాయి. ఒక్కో ముక్క అయిపోతున్నకొద్దీ చివరిది దగ్గరికొస్తోంది. అప్పటిదాకా హేళన చేసేవాళ్ళని చూసి భయపడ్డాను. ఇప్పుడు వాళ్ళలో ఎవరైనా కాస్త గట్టిగా హేళన చేసి సభ చెడగొడితే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను. దేవుడు కూడా ఉపన్యాసంలో మునిగిపోయి ఉన్నట్టున్నాడు.

ఇనాక్ గంట ఎత్తాడు. “ఇక చాలు! నవ్వుకున్నాం, అయిపోయింది. వాన పెరుగుతోంది, ఇళ్ళకి పదండి!”

“ఒక్క ముక్క మిగిలింది ఇనాక్ గారూ,” అంది అక్క. ఆమె గొంతులో నవ్వు లేదిప్పుడు. “చివరిది. అది కూడా మీకు వచ్చా?”

ఇనాక్ గంట దించాడు. తల మీది టోపీ తీశాడు. వానలో ఆయన బట్టతల మెరిసింది.

“వచ్చు,” అన్నాడు. “అది మాత్రం చెప్పను. నువ్వూ చెప్పకు పిల్లా. దిగి వచ్చెయ్.”

చివరి ముక్కని మేము మిల్లులో ఒక్కసారి కూడా పలకలేదు. అమ్మ మగ్గాలు మాకు దగ్గరే. మగ్గాల మోతకి ఆమె చెవులెప్పుడో పోయాయి, కళ్ళు మాత్రం డేగవి. అందుకని ఆ ముక్కని ఇంట్లో, మేడమీది గదిలో, తలుపు వైపు వీపు పెట్టి, గోడనున్న అద్దంలో చూసుకుంటూ గొంతెత్తకుండా అక్క చెప్పుకునేది. అక్కకీ నాకూ మిస్ థొరోల్డ్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. మరి ఈయనకెలా తెలుసు?

ఇనాక్ మా ఇద్దరినీ చూడటం లేదు. జనం మీదుగా, వెనక్కి చూస్తున్నాడు. నేనూ అటు తిరిగాను.

పేగుల కూర అమ్మే అంగడి పక్కన అమ్మ నిలబడి ఉంది. చాపెల్ ఏప్రన్ అలాగే ఉంది. చేతులకి వెన్న. అంత దూరంనుంచి, ముఖమంతా సాగదీసి, నాతో అంటోంది. దించు. దాన్ని దించవే. ఇప్పుడే.

చుట్టుపక్కల శాలువాలన్నీ ఒకేసారి అటు తిరిగి, చదివి, మర్యాదగా చదవనట్టు ఇటు తిరిగాయి.

అద్దం. వీపు తలుపు వైపు పెట్టుకుని, ముఖాన్ని అద్దంలో పెట్టుకున్నాం. తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి అద్దంలో ముఖం కనపడకపోతే ఇంకేం కనపడుతుంది? మా తెలివికి ఎవరైనా పతకం కొట్టించాలి. ఇనాక్ ఇవాళ గంట పట్టుకుని వచ్చింది ఓటు మీద కోపంతో మాత్రమే కాదు. ఉపన్యాసం చివరిదాకా వెళ్ళకుండా ఆపమని గోడ అవతలికి, పక్కింటికి వెళ్ళి అమ్మే అడిగి ఉండాలి.

అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తోసుకుంటూ అన్నానా? జనమే విడిపోయారు. నా దగ్గరికి వచ్చి, చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. శాలువా అంచు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. చెవుడు వచ్చినప్పటినుంచీ తన గొంతు ఎంత పెద్దదో అమ్మకి తెలియదు. గుసగుస అనుకుని చెప్పేది వీధి చివరికి వినపడుతుంది. అమ్మ మొదటి మాట అనబోతుండగానే ఇనాక్ గంట కొట్టడం మొదలుపెట్టాడు. పిచ్చెక్కినట్టు, రెండు చేతులతో. జనం “ఆపవయ్యా!” అని తిట్టారు. ఆయన ఆపలేదు. ఆ గంట మోతలో, ఆ శాలువా వెనక, అమ్మ నా ఒక్కదానికే చెప్పింది.

“ఆ చుక్కలు వేసింది ముసలి నాన్ కాదే.”

ఇంతకుముందు చెప్పాను కదా, చివరి ముక్క ఏమోస్ గురించని. పిల్లల్ని చూసుకునే నాన్ అనే ముసలమ్మ, ఏడుపు ఆపడానికి వాడికి నిద్రమందు ఎక్కువ వేసింది. వాడు లేవలేదు. ఊరందరికీ తెలిసిన కథ అది. దాన్నే మిస్ థొరోల్డ్ తీసుకుంది. మగ్గానికి ఏ నూనె పొయ్యాలో చూడటానికి తనిఖీదారు ఉన్నాడు, పసివాడి నోట్లో ఏం పోస్తున్నారో చూడటానికి ఎవరూ లేరు, ఎందుకంటే చట్టం చేసే చోట తల్లి లేదు, అని ముగింపు. విన్నప్పుడు నాకే ఏడుపొచ్చింది. నేను ఏడిస్తే మిల్లు సెలవివ్వాలి.

“ఆ రోజు నాన్‌కి జ్వరం,” అంది అమ్మ. “మిల్లు మానితే మగ్గాలు ఇంకొకరికి పోతాయి. వాణ్ణి కెజియాకి అప్పగించి వెళ్ళాను. దానికి ఏడేళ్ళు. ఏడిస్తే ఒక చుక్క వెయ్యవే తల్లీ అన్నాను. వాడు ఏడ్చినప్పుడల్లా వేసింది. చెప్పినట్టే చేసింది. బంగారుతల్లి, చెప్పినట్టే చేసింది.”

అమ్మ గోళ్ళు నా చెవిలో దిగుతున్నాయి.

“నాన్ తనే వేశానంది. నేను ముసలిదాన్ని, నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు, పిల్ల బతకాలి కదా అంది. పోయేదాకా మాట పడింది. కెజియాకి ఏమీ గుర్తులేదు. గుర్తు రానివ్వలేదు నేను. ఆ పేరే ఇంట్లో లేకుండా చేశాను. ఇప్పుడది ఊరి ముందు నిలబడి నాన్‌ని హంతకురాలంటే నాన్ కూతురు ఊరుకుంటుందా? తల్లి ఒట్టు పెట్టించుకుంది కాబట్టి ఇన్నాళ్ళూ నోరు కట్టుకుంది. ఇవాళ లేచి నిజం చెప్పేస్తుంది. ఇంతమందిలో వినాలా అది? ఆ నిజం ఇలాగా తెలియాలి దానికి?”

“నాన్ కూతురు ఎవరు?” అన్నాను, ఆ శాలువా చాటునే, పెదాలతో.

అమ్మ కళ్ళతో చూపించింది. ముందు వరసలో సబీనా. ఇందాకటి నవ్వు ముఖం మీద ఎక్కడా లేదు. అమ్మనీ నన్నూ శాలువానీ చూసింది. శాలువా వెనక ఏం జరుగుతోందో ఊహించుకోవడానికి ఆమెకి పెదాలు అక్కర్లేదు.

ఇనాక్ చేతులు పడిపోయాయి. గంట ఆగిపోయింది. మైదానమంతా చెవులు గింగురుమనే నిశ్శబ్దం. మూడుసార్లు అవునన్న జనం, నాలుగోది ఎప్పుడు అడుగుతారా అని ముఖాలెత్తి చూస్తున్నారు. మిస్ థొరోల్డ్ అక్క మోచేతిని మెల్లగా తాకడం చూశాను. “ఇప్పుడు,” అందామె. “ఇంత నిశ్శబ్దం ఏ సభలోనూ రెండోసారి దొరకదు. ఇప్పుడే చెప్పండి.” ఆమె తప్పేమీ లేదు. ఏ ఊళ్ళోనైనా అది సరైన సలహానే.

అక్కకి ఎలా చెప్పను? కేక వేస్తే అందరూ వింటారు. పెదాలతో చెబితే అందరూ చదువుతారు. ఇంతమంది ఉన్న ఈ మైదానంలో ఒక్క గుట్టు మాట దాచుకోవడానికి జానెడు చోటు లేదు. ఆగమని తల అడ్డంగా ఊపాను. అక్క చూసింది. చూసి, ముఖం తిప్పేసుకుంది.

“మా ఇంట్లో ఒక పసివాడు ఉండేవాడు,” అంది అక్క. గొంతు పెద్దదేం కాదు. అయినా చివరి వరస దాకా వెళ్ళింది. “వాడి పేరు ఏమోస్.”

నా పక్కన అమ్మ ఆ పేరుని అక్క పెదాల మీద చదివింది. ఎవరో వెన్నులో పొడిచినట్టు కూలబడి బండి చక్రం పట్టుకుంది.

“మందు సీసా అటక మీద ఉండేది,” అంది అక్క. “అందుకోవాలంటే స్టూలు వేసుకోవాలి. వాడి నోట్లో ఆ చుక్కలు వేసింది—”

బండి ఎప్పుడు ఎక్కానో నాకు తెలియదు. మోకాలు చీరుకుపోయిందని తర్వాత చూసుకున్నాను. రెండు చేతులతో మా అక్క నోరు మూసేశాను. అంతమంది ముందు, ‘ఆడవాళ్ళకి ఓటు’ అని రాసిన జెండా కింద. గంటతోనూ క్యాబేజీ కాడలతోనూ కంఠతా పట్టిన జవాబులతోనూ మధ్యాహ్నం నుంచీ పదిమంది మగాళ్ళు చెయ్యలేకపోయిన పనిని నేనొక్కదాన్నే, ఒక్క గంతులో చేసి చూపించాను. మైదానంలో ఎవరూ నవ్వలేదు. లేబన్ కూడా.

అక్క నన్ను విదిలించుకోలేదు. నా కళ్ళలోకి చూసింది. ఆ చూపులో కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. అటక మీది సీసా అంది. స్టూలు అంది. మిస్ థొరోల్డ్ రాసిన కాగితంలో సీసా అటక మీద లేదు. స్టూలు అసలే లేదు.

అప్పుడు నా అరచేతి కింద ఆమె పెదాలు కదిలాయి. మెల్లగా, షెడ్‌లో లాగా, ఒక్కో మాటా సాగదీసి. పెదాల మాటని చేత్తో చదవడం నాకు అదే మొదటిసారి. అయినా ఒక్క అక్షరం పోలేదు.

నాకు తెలుసు, అంటోంది అక్క. ఎప్పటినుంచో తెలుసు. చెయ్యి తియ్యి.

నేను తియ్యలేదు. తియ్యలేకపోయాను. కింద ముందు వరసలో సబీనా నెమ్మదిగా చెయ్యి పైకెత్తింది.

ఎత్తిన ఆ చేతిని మిస్ థొరోల్డ్ చూసింది. సభలో ఎవరో ప్రశ్న అడుగుతున్నారనుకుంది పాపం. ఆమె ముఖం వెలిగింది. ముందుకొచ్చి, ఎంతో మర్యాదగా, మైదానం నలుమూలలకీ వినపడేలా అంది.

“చెప్పండమ్మా. సంకోచించకండి. ఇక్కడ ఎవరూ మీ నోరు మూయరు.”